ఓజీ ఆస్‌బర్న్ ‘మిస్టర్ క్రౌలీ’ పాటకు అర్థం ఏమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గిటార్ నేర్పుతాను. 2025 జులైలో ఇంగ్లండ్ రాక్ గాయకుడు ఓజీ ఆస్‌బర్న్ పోయాక, ఆయన పాటలు అప్పుడే మొదటిసారి విన్న పిల్లలు క్లాసుకు వచ్చి ఎక్కువగా అడిగింది ఈ పాట గురించే. పిల్లల వెనకాలే వాళ్ల అమ్మానాన్నలు కూడా అడిగారు, కాస్త టెన్షన్‌తో. అందరికీ విడివిడిగా చెప్పినవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ఇది ఎప్పటి పాట?

1980 నాటిది. బ్లాక్ సబ్బత్ బ్యాండ్ నుంచి 1979లో తీసేశాక ఓజీ సొంతంగా చేసిన మొదటి ఆల్బం ‘బ్లిజర్డ్ ఆఫ్ ఓజ్’లోది. దక్షిణ ఇంగ్లండ్‌లో, పల్లెటూరి వాతావరణంలో ఉన్న రిడ్జ్ ఫార్మ్ స్టూడియోలో రికార్డు చేశారు. గిటార్ రాండీ రోడ్స్, బేస్ బాబ్ డైస్లీ, డ్రమ్స్ లీ కెర్స్‌లేక్, కీబోర్డు డాన్ ఎయిరీ.

క్రౌలీ అనే మనిషి నిజంగా ఉన్నాడా, కల్పితమా?

నిజంగా ఉన్నాడు. అలిస్టర్ క్రౌలీ 1875 అక్టోబరు 12న ఇంగ్లండ్‌లోని లెమింగ్టన్ స్పాలో పుట్టాడు. బాగా డబ్బున్న కుటుంబం, బీరు తయారీలో సంపాదించిన ఆస్తి. కానీ ఇంట్లో మాత్రం విపరీతమైన మత నిష్ఠ. ప్లిమత్ బ్రెదరెన్ అనే చాలా కఠినమైన క్రైస్తవ శాఖ వాళ్లది. తండ్రి ఊరూరా తిరిగి ప్రబోధం చేసేవాడు. క్రౌలీకి పదకొండేళ్లప్పుడు ఆయన నాలుక కాన్సర్‌తో పోయాడు. ఆ తర్వాత పిల్లాడు ఎదురు తిరగడం మొదలుపెడితే, కన్నతల్లే వాణ్ని బైబిల్ చివరి గ్రంథంలోని ‘మృగం’ పేరుతో పిలిచింది. 666 సంఖ్య ఉన్న మృగం అదే. పెద్దయ్యాక ఆయన ఆ తిట్టునే బిరుదుగా పెట్టుకుని జీవితాంతం మోశాడు. ఆయన గురించి ఎన్ని చదివినా నాకు మొదట గుర్తొచ్చేది ఈ సంగతే.

కేంబ్రిడ్జిలో చదివి డిగ్రీ తీసుకోకుండానే వచ్చేశాడు. కవిత్వం రాశాడు, కొండలు ఎక్కాడు, చదరంగం బాగా ఆడాడు. 1898లో గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘంలో చేరాడు. కవి యేట్స్ కూడా అందులో సభ్యుడే, ఇద్దరికీ అస్సలు పడలేదు. 1904లో కైరోలో ఉండగా ఐవాస్ అనే అశరీరవాణి మూడు రోజులపాటు, రోజుకో గంట చొప్పున తనకు ఒక గ్రంథం చెప్పి రాయించిందని ప్రకటించాడు. అదే ‘బుక్ ఆఫ్ ది లా’. దాని మీద థెలిమా అనే కొత్త మతం కట్టాడు.

1920లో సిసిలీ దీవిలోని చెఫలూ ఊళ్లో చిన్న ఇల్లు తీసుకుని ఆశ్రమం పెట్టాడు. 1923లో అక్కడ రావుల్ లవ్‌డే అనే యువ శిష్యుడు జబ్బు చేసి చనిపోయాడు. అతని భార్య లండన్ తిరిగొచ్చి పత్రికలకు తన కథ చెప్పింది. ‘జాన్ బుల్’ అనే పత్రిక ఆయన్ని ప్రపంచంలోకెల్లా దుర్మార్గుడు అని రాసింది. అదే ఏడు ముసోలినీ ప్రభుత్వం దేశం నుంచి వెళ్లగొట్టింది. 1934లో పరువునష్టం దావా వేసి ఓడిపోయాడు, 1935లో దివాలా తీశాడు. ఉబ్బసానికని డాక్టరు రాసిన హెరాయిన్ వ్యసనమై చివరిదాకా వదల్లేదు. 1947 డిసెంబరు 1న, హేస్టింగ్స్‌లో ఒక బోర్డింగ్ హౌస్ గదిలో, 72 ఏళ్ల వయసులో పోయాడు.

మన భాషలో ఆయన్ని ఏమనాలి? మంత్రగాడా, క్షుద్రోపాసకుడా?

రెండూ సరిగ్గా అతకవు. మంత్రగాడు అనగానే మనకు తాయెత్తు కట్టేవాడు, దయ్యం వదిలించేవాడు గుర్తొస్తాడు. క్రౌలీ పల్లె జనానికి వైద్యం చేసినవాడు కాదు. పుస్తకాలు తిరగేసి, ఈజిప్టు దేవతల్నీ, యూదుల గూఢవిద్య అయిన కబాలానూ, మన యోగాన్నీ కలిపి ఒక పద్ధతి కట్టిన చదువుకున్న ధనవంతుడు. గూఢవిద్యల సాధకుడు అంటే దగ్గరగా ఉంటుంది.

క్షుద్ర అనే మాటను తేలిగ్గా వాడొద్దని కూడా చెబుతాను. చేతబడి, బాణామతి చేస్తున్నారనే అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు మన తెలంగాణ పల్లెల్లో జరిగాయి. చచ్చిపోయినవాళ్లు ఏ విద్యా తెలియని పేదవాళ్లు.

పాటలో ఓజీ అసలు ఏమంటున్నాడు?

అంటున్నది తక్కువ, అడుగుతున్నది ఎక్కువ. చాలామంది పట్టించుకోని సంగతి ఇదే. ఇంగ్లిషు సాహిత్యాన్ని ఇక్కడ ఎత్తిరాయను గానీ, భావం మన మాటల్లో చెప్పుకుంటే ఇలా మొదలవుతుంది: ఏవండీ క్రౌలీ గారూ, అసలు మీ తలలో ఏం నడిచింది? చచ్చిపోయినవాళ్లతో మాట్లాడారా? మీ బతుకు చూస్తే నాకు జాలేస్తోంది. ఆ మత్తులో పడి, మంత్రాలతో జనాన్ని బోల్తా కొట్టించారు, సైతాను పిలుపు కోసం కాచుకుని కూర్చున్నారు.

‘మిస్టర్’ అనే పిలుపు గమనించండి. అందులో మర్యాద ఉంది, నిలదీత కూడా ఉంది. ప్రభుత్వ ఆఫీసులో అధికారిని పట్టుకుని “అయ్యా, ఇదేంటండీ?” అని అడిగేటప్పుడు మన గొంతులో ఏముంటుందో అదే. రెండో చరణంలో క్రౌలీ పేరు ఉండదు, దాని బదులు రెండు విశేషణాలతో పిలుస్తాడు. ఒకటి మనసు దోచేవాడా అని, ఇంకొకటి గుండె గుభిల్లుమనిపించేవాడా అని. రెండూ ఒకే మనిషికి. క్రౌలీని దగ్గర నుంచి చూసినవాళ్లు రాసిన జ్ఞాపకాల్లోనూ ఈ రెండు ముఖాలే కనిపిస్తాయి.

చివరికి వచ్చేసరికి పాట ఒకే ఒక్క కోరిక దగ్గర ఆగుతుంది: మీరు అన్నదానికి అర్థం ఏమిటో నాకు తెలియాలి. జవాబు రాదు. అడిగిన మనిషి 1947లోనే పోయాడు, పాట 1980ది. మాట ఆగిపోయిన చోటే గిటార్ అందుకుంటుంది. ఈ పాట అర్థం ఏమిటని ఎవరడిగినా నేను చెప్పే మొదటి మాట ఇది: ఇది జవాబు దొరకని మనిషి వేసిన ప్రశ్న.

నిజంగా క్రౌలీ చచ్చిపోయినవాళ్లతో మాట్లాడేవాడా?

లేదు. ఆ కాలంలో లండన్‌లో చీకటి గదిలో బల్ల చుట్టూ కూర్చుని ఆత్మల్ని పిలిచే సరదా బాగా ఉండేది. క్రౌలీకి ఆ పని అంటే చిన్నచూపు. ఆయన పిలవాలనుకున్నది చనిపోయిన బంధువుల్ని కాదు, దేవదూతల్నీ ఇతర శక్తుల్నీ. స్కాట్లండ్‌లో లాక్ నెస్ సరస్సు ఒడ్డున బోలెస్కిన్ అనే ఇల్లు 1899లో కొన్నది కూడా నెలల తరబడి సాగే అలాంటి సాధన కోసమే. కాబట్టి పాటలో ఆ ప్రశ్న చరిత్ర ప్రకారం గురి తప్పింది. అయినా బయటివాడు ఎవడైనా మొట్టమొదట అడిగేది అదే కదా!

తెల్ల గుర్రం ఎక్కమంటాడు. దాని అర్థం?

ఇది సంకేతమేనని ఆ వెంటనే పాటే ఒప్పుకుంటుంది. దేనికి సంకేతమో చెప్పదు. రెండు రకాలుగా చదువుతారు. బైబిల్ ప్రకటన గ్రంథంలో లోకాంతం వచ్చేటప్పుడు మొదట కనిపించేది తెల్ల గుర్రం మీది రౌతు. తనను తాను ఆ గ్రంథంలోని మృగంగా చెప్పుకున్న మనిషిని అదే గ్రంథంలోని గుర్రం ఎక్కమనడం బాగా కుదురుతుంది. రెండోది, ఇంగ్లిషు వీధి భాషలో గుర్రం అంటే హెరాయిన్. క్రౌలీ వ్యసనం తెలిసిందే. ఓజీ కూడా సబ్బత్ నుంచి బయటికి వచ్చాక లాస్ ఏంజెలెస్‌లో ఒక హోటల్ గదిలో కర్టెన్లు వేసుకుని నెలల తరబడి తాగుడు, డ్రగ్స్‌లో పడి ఉన్నాడు. నేను మొదటి అర్థం వైపే మొగ్గుతాను, ఎందుకంటే ఆ తర్వాతి పాదాలన్నీ ముంచుకొస్తున్న కాలం గురించే: కన్యల పిలుపు, తప్పించుకునే దారి లేక గోడకు ఆనుకుని నిలబడ్డ మనుషులు.

రెండో చరణం ఎన్నిసార్లు విన్నా అర్థం కావట్లేదు.

కష్టమైన చరణమే. రాత్రిపూట జరిగే సంపర్కాలు, పవిత్రంగా దాచినవాటి మూత తీయడం, రహస్యం కడుపులో పడిన బీజం... ఇలా వెళ్లి, చివరికి మావిని నలుదిక్కులా చల్లారు అని ముగుస్తుంది. మావి అంటే బిడ్డతోపాటు బయటికి వచ్చేది. మన ఊళ్లలో దాన్నే మాయ అని కూడా అంటారు.

ఇంగ్లిషు పాఠకుడికి ఇది ఒళ్లు జలదరించే పాదం, అంతే. మనకు ఇంకొంచెం ఎక్కువ తగులుతుంది. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో కాన్పు అయ్యాక మంత్రసాని మావిని కుండలో పెట్టి, కుక్కలు తవ్వకుండా లోతుగా గొయ్యి తీసి పాతించేది. దానికి ఏమన్నా అయితే బిడ్డకు అయినట్టేనని నమ్మకం. అంత భద్రంగా దాచాల్సినదాన్ని చల్లేశారు అంటే ఏమిటి? గుట్టుగా ఉండాల్సినదాన్ని బజారుపాలు చేశారని. గోల్డెన్ డాన్ సంఘం రహస్యంగా ఉంచుకున్న క్రతువుల్ని క్రౌలీ తన పత్రికలో అచ్చువేయడం మొదలుపెట్టాడు, సంఘం పెద్ద కోర్టుకు వెళ్లినా ఆగలేదు. పాట రాసినవాళ్లకు ఈ సంగతి మనసులో ఉందని నేను అనను. నేను చదువుకున్నది మాత్రం ఇలా.

అయితే ఈ పాట క్రౌలీని పొగుడుతోందా, తిడుతోందా?

పొగడడం లేదు. జనాన్ని బోల్తా కొట్టించావు అని మొహం మీదే అంటే పొగడ్త ఎలా అవుతుంది? అలాగని తిట్టడమూ కాదు. మొదటి చరణంలోనే ‘నీ బతుకు విషాదంగా అనిపించింది’ అన్న మాట ఉంది. ఆ మాట పాడే నాటికి ఓజీ వయసు 31. బ్యాండ్ పోయింది, పేరు పోయింది, తాగుడు పోలేదు. తన చుట్టూ జనం మూగి తననో భూతంగా చూడడం ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు. ఆ పాదం దగ్గర గొంతులో కోపం వినపడదు. జాలి వినపడుతుంది, కొంచెం భయం కూడా.

ఓజీ సైతాను భక్తుడా?

కాదు. ఆయన మెడలోని శిలువ సంగతి చూడండి. సబ్బత్ తొలినాళ్లలో బ్యాండులో అందరికీ లోహపు శిలువలు చేసి ఇచ్చింది ఓజీ వాళ్ల నాన్నే. బర్మింగ్‌హామ్‌లో పనిముట్లు తయారుచేసే కార్మికుడు ఆయన. నలుగురు కుర్రాళ్లూ భయపెట్టే సినిమాలకు జనం డబ్బులిచ్చి వెళ్తుంటే చూసి, అలాంటి సంగీతం ఎందుకు చేయకూడదని మొదలుపెట్టారు.

క్రౌలీని కూడా ఒక్క మాటలో సైతాను భక్తుడు అనడం పొరపాటు. క్రైస్తవం మీద ఆయనకున్న కసి నిజం, కొన్ని కవితల్లో సైతానుకు జేజేలు కొట్టిన మాటా నిజం. కానీ ఆయన మతంలో పూజలు ఈజిప్టు దేవతలకు: నుయిట్, హదిత్, హోరస్. ‘నీ సంకల్పమే నీకు ధర్మం’ అనేది ఆయన మూలసూత్రం. తోచింది చేసెయ్ అని దానికి అర్థం చెప్పినవాళ్లను ఆయనే తప్పుపట్టాడు. ప్రతి మనిషికీ తాను పుట్టిన పని ఒకటుంటుంది, దాన్ని కనుక్కుని అదే చేయాలి అన్నది ఆయన ఉద్దేశం. స్వధర్మం అనే మాట తెలిసిన మనకు ఇది కొత్తగా అనిపించదు. అయితే ఆ సూత్రం చెప్పిన మనిషి చుట్టూ ఉన్నవాళ్లు చాలామంది డబ్బు పోగొట్టుకుని, ఆరోగ్యం పోగొట్టుకుని మిగిలారు. అది కూడా లెక్కలో వేసుకోవాలి.

పాట రాసింది ఓజీయేనా?

పేర్లు ముగ్గురివి: ఓజీ, రాండీ రోడ్స్, బాబ్ డైస్లీ. ఆ ఆల్బంలో సాహిత్యం చాలావరకు డైస్లీ కలం నుంచి వచ్చిందే. క్రౌలీ గురించి చదివి, ఆయన మీద పాట చేయాలనుకున్నది ఓజీ. క్రౌలీ రూపకల్పన చేసిన, జోస్యానికి వాడే టారో కార్డుల కట్ట ఒకటి స్టూడియోలో పడి ఉందని కూడా చెప్పాడు. ఆ కార్డులకు బొమ్మలు గీసింది లేడీ ఫ్రీడా హారిస్ అనే చిత్రకారిణి.

డైస్లీ, కెర్స్‌లేక్‌లకు తర్వాత డబ్బు విషయంలో గొడవలై కోర్టుకెక్కారు. 2002లో వచ్చిన ముద్రణలో వాళ్లిద్దరి వాయిద్యాన్ని తీసేసి వేరేవాళ్లతో మళ్లీ వాయించి పెట్టారు. 2011లో అసలు రికార్డింగ్ తిరిగి వచ్చింది. వాళ్ల వాయిద్యాన్ని అలా తీసేయడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

పేరు క్రౌలీనా, క్రోలీనా?

ఆయన తన పేరును క్రోలీ అనే పలికేవాడు, ‘హోలీ’తో ప్రాస కుదిరేలా. ఓజీ క్రౌలీ అని పాడాడు. పాట పేరుగా అందరి నోటా అదే స్థిరపడింది కాబట్టి ఇక్కడ నేనూ అలాగే రాస్తున్నాను.

మొదట్లో వచ్చే ఆ వాద్యం ఏమిటి? ఎందుకంత దిగులుగా ఉంటుంది?

డాన్ ఎయిరీ వాయించిన కీబోర్డు. చర్చిలో ఆర్గాన్‌లా వినిపించేలా చేశాడు. ఒకసారి ఇంట్లో స్పీకర్లో పెడితే వంటింట్లోంచి మా పిన్ని వచ్చి, “ఎవరు పోయార్రా? చర్చిలో ఎవర్నో సాగనంపుతున్నట్టుంది” అంది. ఆవిడకు ఇంగ్లిషు రాదు, క్రౌలీ ఎవరో తెలియదు. అర నిమిషంలో పాట సారం పట్టేసింది. ఇది చనిపోయిన మనిషి ముందు నిలబడి అడిగే పాట కదా.

పాట డి మైనర్‌లో ఉంటుంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలకు నేను ఇలా చెబుతాను: ఎక్కువ భాగం నటభైరవి స్వరాలు. ఒక్కో వరుస చివర ఎ మేజర్ కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి వాయించేది) వచ్చినప్పుడు మాత్రం కైశికి నిషాదం పోయి కాకలి నిషాదం వస్తుంది, అక్కడ చెవికి కీరవాణి తగులుతుంది. రాగం పాడుతున్నారని కాదు, ఇది కార్డుల మీద నడిచే సంగీతం. కానీ ఆ ఒక్క స్వరం మారినచోట గుండె పట్టేసినట్టు ఎందుకుంటుందో కీరవాణి విన్న చెవికి వేరే చెప్పక్కర్లేదు. ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కి మెట్లు దిగినట్టు జారే ఆ నడక బాఖ్, వివాల్డీల కాలం నుంచి యూరప్ సంగీతంలో ఉన్నదే.

గిటార్ సోలో గురించి అందరూ అంతగా ఎందుకు చెబుతారు?

రాండీ రోడ్స్ వల్ల. కాలిఫోర్నియాలో వాళ్లమ్మ డెలోరెస్ నడిపే సంగీత పాఠశాలలోనే నేర్చుకుని, అక్కడే పాఠాలు చెప్పినవాడు. ఓజీతో ఊరూరా తిరుగుతూ కూడా ఎక్కడికక్కడ క్లాసికల్ గిటార్ గురువుల్ని వెతుక్కుని పాఠం చెప్పించుకునేవాడు. 1982 మార్చి 19న, ఫ్లోరిడాలోని లీస్‌బర్గ్‌లో చిన్న విమానం కూలి 25 ఏళ్లకే పోయాడు.

ఈ పాటలో సోలోలు, అంటే గొంతు ఆగి గిటార్ ముందుకొచ్చే భాగాలు, రెండు. మధ్యలోది వేగం చూపిస్తుంది. చివరిది వేరు, అది ఏడుపు. నేను దీన్ని నేర్పేటప్పుడు వేళ్ల వేగం గురించి మాట్లాడను. ముందు వాయిద్యం పక్కన పెట్టి నోటితో పాడమంటాను. పాడి చూస్తే తెలుస్తుంది, ఒక్క స్వరం కూడా అలంకారానికి పెట్టింది కాదు. ఓజీ అడిగిన ప్రశ్ననే రాండీ మళ్లీ, మాటల్లేకుండా, ఇంకా గట్టిగా అడుగుతాడు. పదిహేనేళ్ల శిష్యుడొకడు మూడు నెలలు సాధన చేసి, ఒకరోజు తప్పు లేకుండా వాయించి, వాయించాక చాలాసేపు తల ఎత్తలేదు. పక్కనే కూర్చున్న వాళ్ల నాన్న కళ్లు తుడుచుకున్నాడు. అంతకుముందు ఈ పాట నేర్పొద్దని నాతో అన్నది ఆయనే.

క్రౌలీకి ఇండియాతో సంబంధం ఉందా?

ఉంది. 1901లో సిలోన్ వెళ్లి, అక్కడున్న మిత్రుడు ఎలన్ బెనెట్ దగ్గర ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం సాధన చేశాడు. తర్వాత మన దేశం వచ్చాడు. మధురైలో గోచీ పెట్టుకుని భిక్షాపాత్రతో కూర్చుంటే గుళ్లోకి రానిచ్చారని, అక్కడ మేకను బలిచ్చానని ఆత్మకథలో రాసుకున్నాడు. 1902లో కె2 శిఖరం ఎక్కడానికి వెళ్లిన బృందంలో ఉన్నాడు.

1905లో కాంచన్‌జంగ యాత్రకు నాయకుడయ్యాడు. అక్కడే ఆయన మీద చెరగని మచ్చ పడింది. గొడవపడి కిందికి దిగుతున్న తోటివాళ్ల మీద మంచు విరుచుకుపడి అలెక్సిస్ పాష్ అనే ఆయన, ముగ్గురు కూలీలు చనిపోయారు. పైన గుడారంలో ఉన్న క్రౌలీ కదల్లేదు. ఇలాంటి ప్రమాదాల మీద తనకు సానుభూతి లేదని ఆ తర్వాత పత్రికకు రాశాడు కూడా. దయ్యాల కథలన్నీ పక్కనపెట్టండి. ‘మీ తలలో ఏం నడిచింది’ అని ఆయన్ని అడగాల్సిన చోటు ఈ మంచుకొండే.

యోగం మీద మాత్రం ఆయన శ్రద్ధగానే రాశాడు. 1939లో అచ్చయిన ఆయన యోగోపన్యాసాలు ఎనిమిది. యమ నియమాల నుంచి సమాధి దాకా పతంజలి మాటలే అందులో కనిపిస్తాయి.

మా అబ్బాయి రోజూ ఇదే పాట వింటున్నాడు. భయపడాలా?

భయపడొద్దండీ. పక్కన కూర్చుని ఒకసారి మీరూ వినండి. ఈ పాటలో మంత్రం లేదు, పూజ లేదు, చెయ్యమని చెప్పేది ఏదీ లేదు. వెనక్కి తిప్పి వింటే ఏదో వినపడుతుందనే మాటలు నమ్మకండి. ఇదే ఆల్బంలోని వేరే పాట మీద 1980లలో అమెరికాలో కేసు వేస్తే కాలిఫోర్నియా కోర్టులు కొట్టేశాయి. పిల్లవాడు పాట వినడం వేరు, ఎవరితోనూ మాట్లాడకుండా తలుపేసుకుని కూర్చోవడం వేరు. రెండోది కనిపిస్తే పాట గురించి కాదు, వాడి గురించి అడగండి. అవసరమైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మొదటిసారి వినాలంటే ఏ రికార్డింగ్ వినాలి?

ముందు 1980 నాటి అసలు రికార్డింగ్, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, లైట్లు ఆర్పి. అందులో చివరి సోలో పూర్తికాదు, వాయిస్తుండగానే శబ్దం తగ్గిపోతూ మాయమవుతుంది. దాని ముగింపు ఎలా ఉంటుందో తెలియాలంటే, రాండీ పోయాక 1987లో ఆయన జ్ఞాపకంగా విడుదలైన ‘ట్రిబ్యూట్’లోని కచేరీ రికార్డింగ్ వినండి.

ఆ తర్వాత 2025 జులై 5 నాటి ఓజీ చివరి కచేరీ వీడియో చూడండి. బర్మింగ్‌హామ్‌లో విల్లా పార్క్ మైదానం, ఓజీ పెరిగిన ఆస్టన్‌లోనే. పార్కిన్‌సన్స్ జబ్బు వల్ల నిలబడలేక నల్లటి సింహాసనంలో కూర్చునే పాడాడు. ఆ రోజు పాడిన సొంత ఆల్బంల పాటల్లో రెండోది ఇదే. కీబోర్డు మొదలవగానే చేతులు పైకెత్తాడు. గొంతు అక్కడక్కడా వణికింది. మైదానం మొత్తం ఆయనతో కలిసి క్రౌలీని అడిగింది. పదిహేడు రోజుల తర్వాత, జులై 22న, ఆయనా వెళ్లిపోయాడు.